రహదారిపై వేషవిచారణ

రాత్రివేళ రహదారులపై రక్షకభటులు వాహనముల నాపి పరీక్షించుట నేడు ప్రతిపట్టణమునందును నిత్యకృత్యమైనది. త్రాగి బండి నడపువారివలనను, లైసెన్సు లేని బాలురవలనను ప్రతిదినమును ప్రాణములు పోవుచుండగా ఇట్టి పరీక్షలు వలదని బుద్ధిమంతు డెవడును చెప్పడు. మేమును చెప్పము. కాని ఈ పరీక్షల చాటున మఱియొక విచారణ జరుగుచున్నది. దానికి చట్టమునందు చోటు లేదు. పురుషుడై పుట్టి చీర కట్టినవాడు గాని, హిజ్రా గాని, స్త్రీపాత్ర ధరించి ఆ వేషముతోనే యిల్లు చేరు నటుడు గాని బండిపై వచ్చినప్పుడు, వారు తఱచుగా ఎదుర్కొను మొదటి ప్రశ్న లైసెన్సును గూర్చినది కాదు, కట్టిన బట్టను గూర్చినది. ఈ ప్రశ్న వేయుటకు భటునికి అధికారము లేదనియు, వేయనిచ్చుట పౌరు లందఱికిని చేటనియు మా యభిప్రాయము.

ఆ విచారణ జరుగు తీరు ఎట్టిదో చూతము. లైసెన్సుమీద మీసములుగల పురుషుని ఛాయాపటముండును. ఎదుట నిలిచినది చీరతోను బొట్టుతోను ఉన్న మనుష్యుడు. "ఎవడవురా నీవు? ఈ వేషమేమి? ఎక్కడికి పోవుచున్నావు?" అని మొదలగును. బండి తాళపుచెవి భటుని చేతికి పోవును. దారిని పోవువారు గుమిగూడుదురు. ఒకడు ఫోను తీసి చిత్రము పట్టును. మఱియొకడు పెట్టుడుజుట్టు లాగి నవ్వును. బండి కాగితములన్నియు సరిగా నున్నవి, ఊపిరి పరీక్షలో మద్యము కానరాలేదు, శిరస్త్రాణమున్నది. అయినను విడుదల లేదు. చివరకు, "స్టేషనుకు వత్తువా? మీ నాయనకు ఫోను చేయుమందువా?" అను ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్నకు జవాబు జేబులోనుండి రావలసినదే. దానికి రసీదుండదు, చలానా ఉండదు. అతడు చెల్లించినది నేరమునకు జుల్మానా కాదు. తన సంగతి యింటిలో చెప్పకుండుటకు వెల.

ఇట్టి వ్యవహారమునకు మన శిక్షాస్మృతిలో పేరు కలదు. 1860లో నిర్మింపబడిన భారత శిక్షాస్మృతి యొకని భయపెట్టి సొమ్ము గుంజుటను నేరముగా నిర్వచించి, దానికి మొదటి దృష్టాంతముగా, పరువుకు భంగము కలిగించు వ్రాతను ప్రకటింతునని బెదరించి ధనము తీసికొనుటనే చూపినది. హాని యనగా శరీరమునకు కలిగినది మాత్రమే గాక, మనస్సునకును పరువునకును అక్రమముగా కలిగించునదియు హానియే యని ఆ స్మృతియే చెప్పినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 308వ సెక్షనునందు ఈ నేరమును నిలిపి యుంచినది. కావున నడిరోడ్డుపై ఆ రాత్రి నేర మెవరైన చేసియున్నచో, అది చీర కట్టినవాడు చేసినది కాదు. కాకీ తొడిగినవాడు చేసినది.

బండి నడపువానిని భటు డేమి యడుగవచ్చునో 1988నాటి మోటారు వాహనముల చట్టము స్పష్టముగా చెప్పినది. దుస్తులలోనున్న పోలీసు అధికారి కోరినపుడు లైసెన్సు చూపవలెనని 130వ సెక్షను. త్రాగి నడపరాదని 185వ సెక్షను. 100 మిల్లీలీటర్ల రక్తమునందు 30 మిల్లీగ్రాముల మద్యమునకు మించరాదని అందు కొలత. శిరస్త్రాణము ధరింపవలెనని 129వ సెక్షను, తలపాగా ధరించిన సిక్కులకు అందు మినహాయింపు. బండి నడపువాని తలపై నేమి యుండవలెనో ఇంత విచారించిన యా చట్టము, అతడు పంచె కట్టవలెనా, చీర కట్టవలెనా యను మాట యెత్తలేదు.

ఛాయాపటము వేఱు, ముఖము వేఱు, ఇది మాఱువేషమున మోసము గదా యని కొందఱందురు. ఒకడు మఱియొకడనని నమ్మించి, ఆ నమ్మకముచే ఎదుటివానికి నష్టము కలిగించునట్టి పని చేయించినపుడే అది మాఱుపేరి మోసమగును. తన పేరు, తన ఛాయాపటము గల తన లైసెన్సును తానే చేతికిచ్చినవాడు ఎవరిని మోసగించెను? అతడు దాచదలచినదెల్ల ఆ కాగితమే బయటపెట్టుచున్నది. ముఖము పోల్చుకొని, అనుమానమున్నచో పేరును, పుట్టినతేదీని, చిరునామాను అడిగి సరిచూచుకొని పంపివేయుట చాలును. గడ్డము పెంచినవానిని, తిరుపతిలో తలనీలా లిచ్చి వచ్చినవానిని భటుడు పోల్చుకొనుట లేదా?

చట్టమునందు లేని యీ విచారణ భటుని బుద్ధిలో నెట్లు ప్రవేశించినదో పాఠకులు గ్రహింపవలెను. ఇది పరప్రభుత్వము మనకు విడిచిపోయిన సొత్తు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసినపుడు, దాని రెండవ భాగమును నపుంసకులకై ప్రత్యేకించినది. అనుమానితుల పేర్లను నివాసములను పట్టికలలో నెక్కించుట, పట్టికకెక్కినవాడు స్త్రీవలె వస్త్రములు గాని ఆభరణములు గాని ధరించి వీథిలో కనబడినచో వారంటు లేకయే పట్టుకొనుట, రెండేండ్లవఱకు ఖైదు గాని జుల్మానా గాని రెండును గాని విధించుట అందలి ఏర్పాటు. వీథిలో పాడినను ఆడినను అదే శిక్ష. ఇది ఉత్తర హిందూస్థానమునందు అమలు జరిగినది. 1884లో ఖైరాతి యనువాని వ్యాజ్యమున దాని ఫలము చూడవచ్చును. అతడు స్త్రీవేషమున పాడుచుండగా పట్టుకొని, వైద్యునిచే దేహపరీక్ష చేయించి, అసహజ నేరమారోపించి సెషన్సు కోర్టు శిక్షించినది. నేరము జరిగిన కాలము లేదు, స్థలము లేదు, రెండవ మనుష్యుడు లేడు. అలహాబాదు హైకోర్టు ఆ కారణముననే అతనిని విడిచిపెట్టినది. వేషమే సాక్ష్యమని క్రింది న్యాయస్థానము తలచినది. పై న్యాయస్థానము వేషము చాలదన్నది. నూట నలువది యేండ్ల క్రిందటి తీర్పు మన చెక్‌పోస్టుల దాక ఇంకను వచ్చి చేరలేదు.

ఆ యుత్తరదేశపు చట్టమునకు మన తెలుగునాటను ప్రతి యొకటి పుట్టినది. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, నపుంసకుల చట్టము చేయబడినది. పట్టికయు, వారంటు లేని అరెస్టును, రెండేండ్ల ఖైదును అన్నియు 1871నాటి అచ్చులోనే పోతపోసినట్లుండినవి. రాజ్యము మాఱినది. నిజాము పోయెను. 1950లో రాజ్యాంగము వచ్చెను. భాషారాష్ట్ర మేర్పడెను, మరల రెండయ్యెను. ఆ చట్టము మాత్రము పేరుకు ముందు తెలంగాణ ప్రాంతమను మాటను తగిలించుకొని పుస్తకములో నిలిచియే యుండెను. తుదకు ఆ వర్గమువారే పిటిషను వేయగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి. వి. భాస్కరరెడ్డి గారల ధర్మాసనము అది సమత్వమునకును, జీవితస్వేచ్ఛకును విరుద్ధమని కొట్టివేసెను. స్వరాజ్యము వచ్చిన డెబ్బదియాఱేండ్లకు మన రాజధానిలో చీర నేరము కాకపోయెను! చట్టము పోయినది గాని దాని నీడలో తరతరములుగా పెరిగిన ఠాణా అలవాటు పోలేదు. చింత చచ్చినను పులుపు చావలేదను సామెత ఇచ్చట సరిపోవును.

ఈ జాడ్యము మన దేశమునకే పరిమితమని యనరాదు. అమెరికాలో కొలంబసు నగరము 1848లోను, శాన్‌ఫ్రాన్సిస్కో నగరము 1863లోను తమ లింగమునకు చెందని దుస్తులతో వీథిలో కనబడుటను నిషేధించినవి. శాన్‌ఫ్రాన్సిస్కోవారు దానిని 1974లో గాని తొలగించుకొనలేదు. మద్రాసు రేవునుండి ఓడలెక్కిన కూలీలలో మన తెలుగువారును కొందఱు చేరిన గయానాలో, 1893నాటి చట్టము అనుచిత ప్రయోజనమునకై పురుషుడు స్త్రీ దుస్తులతోను, స్త్రీ పురుష దుస్తులతోను బహిరంగస్థలమున కనబడుట నేరమన్నది. 2009 ఫిబ్రవరిలో జార్జిటౌను నగరమున ఆ చట్టము క్రింద కొందఱిని పట్టుకొని శిక్షించిరి. అనుచిత ప్రయోజనమన నేమో ఎవ్వరును చెప్పలేకపోయిరి. వ్యాజ్యము తొమ్మిదేండ్లు నడచి 2018 నవంబరులో కరిబియను న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసినది. అర్థము తేలని శాసనమును ప్రయోగించుట భటుని యిష్టమునకు విడువబడుననియు, పౌరుడు తానేది చేయరాదో ముందుగా తెలిసికొనలేడనియు అందలి ముఖ్యమైన దోషము. వ్రాతపూర్వకమైన శాసనమే అర్థము తేలక పతనమైనపుడు, శాసనమే లేని మన చెక్‌పోస్టు విచారణ యెట్లు నిలుచును?

మన సంప్రదాయమునకు ఈ వేషము విరుద్ధమని వాదించువారున్నారు. ఏ సంప్రదాయమునకు? విరాటుని కొలువున బృహన్నలయై యేడాది యున్నవాడు అర్జునుడు. ఉత్తరకుమారుని రథమును తోలినదియు ఆ బృహన్నలయే. జడ యూగుచుండగా పరుగెత్తుచున్న యా సారథిని జూచి కురుసేనలో కొందఱు నవ్విరి. ఆ నవ్వు ఎంతసేపు నిలిచినదో మన పాఠకు లెఱుగుదురు. కూచిపూడిలో సత్యభామ పాత్రను పురుషులే ధరించుట తరతరముల యాచారము. వేదాంతం సత్యనారాయణశర్మగారి భామను జూచినవారు ఇంకను చెప్పుకొందురు. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామ, చిత్రాంగి, మధురవాణి పాత్రలతో ఆంధ్రదేశమును ఉఱ్ఱూత లూగించిరి. 1956లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. టిక్కెట్టు కొని చూచినపుడు కళయైన చీర, రహదారిపై నేరమెట్లగును?

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరను చూడుడు. స్త్రీలను చెఱచుచుండిన పాలెగాని వెదకుటకై గంగమ్మ నానావేషములు ధరించెనని కథ. దానిని తలచుకొని యేటేట జాతర దినములలో పురుషులు చీరలు కట్టి, పూలు ముడిచి, నగలు పెట్టి వీథులవెంట గుడికి నడచెదరు. రక్షకభటులే దారి యిప్పింతురు. అదే చీర, అదే వీథి. జాతరనాడు మ్రొక్కు, మఱునాటి రాత్రి అనుమానము. చట్టము పంచాంగము చూచి మాఱదు గదా!

సుప్రీముకోర్టు ఈ విషయమును 2014 ఏప్రిలు 15వ తేదీనే తేల్చినది. న్యాయమూర్తులు కె. ఎస్. రాధాకృష్ణన్, ఎ. కె. సిక్రీ గారలు, తన లింగభావమును దుస్తులచేతను, మాటచేతను, నడవడిచేతను వెలిబుచ్చుకొనుట రాజ్యాంగము 19వ అధికరణము ప్రసాదించిన భావప్రకటన స్వాతంత్ర్యములోనిదే యని తీర్పు చెప్పిరి. 2017 ఆగస్టులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆంతరంగిక జీవనము ప్రాథమికహక్కని నిర్ణయించినది. చీర కట్టిన ప్రతి పురుషుడును హిజ్రా కాడు. కొందఱు ఇంటిలో భార్యాబిడ్డలుగల గృహస్థులు, కొందఱు నటులు, కొందఱు తమ్ము తాము స్త్రీలుగా నెఱిగినవారు. వీరిలో నెవరు ఎట్టివారో విభజించుట రహదారిపై లాఠీ పట్టినవాని పని కాదు. జవాబు ఏదైనను బండి కాగితములు మాఱవు.

రెండవ పక్షమువారి మాటయు విందము. మాఱువేషమున దొంగలు తిరుగరా యని అడుగుదురు. తిరుగుదురు. పంచెకట్టులోను, సూటులోను, పోలీసు దుస్తులలోను తిరుగుదురు. నిర్దిష్టమైన అనుమానమునకు కారణమున్నచో సోదా చేయుటకు చట్టము అధికార మిచ్చియేయున్నది. బట్ట మాత్రము అట్టి కారణము కాదు. కూడళ్లలోను, పెండ్లియిండ్లలోను హిజ్రాలు కొందఱు బలవంతముగా సొమ్ము వసూలు చేయుచున్నారని మన గృహస్థులు ఫిర్యాదు చేయుచున్నారు. అది అబద్ధమని మేమనము. బలవంతపు వసూలు ఎవరు చేసినను నేరమే. చేసినవానిని చేసిన పనికై శిక్షింపుడు. కాని కూడలిలో ఒకడు చేసినదానికి, బండిపై తన దారిని తాను పోవు మఱియొకడు అదే చీర కట్టిన పాపమున శిక్ష యనుభవించుట 1871నాటి న్యాయము. జాతినంతను నేరస్థుల పట్టికకెక్కించిన న్యాయమది. ఆ న్యాయముక్రింద మన యెరుకలవారు, స్టూవర్టుపురపువారు ఏమి యనుభవించిరో ఆంధ్రులు మఱువరాదు.

ఇది కొలదిమంది కష్టము, మన కేల యని భూస్వాములును పట్టణవాసులును తలపవచ్చును. స్వాతంత్ర్యసమర దినములలో గాంధీటోపీ పెట్టినవానిని రాజద్రోహిగా చూచిన యధికారుల నెఱిగిన పత్రిక ఏదియు అట్లు తలపజాలదు. నాడు తలపై టోపీ, నేడు ఒంటిపై చీర. రేపు మఱియొకనాడు మీ కుమార్తె కాలిచట్టయు, మీ పాలికాపు మాసిన గోచియు, పొరుగువాని గడ్డమును ప్రశ్నకు గురికావచ్చును. బట్టను బట్టి మనుష్యుని ఆపు నధికారము ఒకమాఱు భటుని చేతికి వచ్చినచో, ఏ బట్ట అనుమానాస్పదమో నిర్ణయించునది అతడే గాని మీరు కారు.

కావున రెండు తెలుగు ప్రభుత్వములును చేయవలసిన పనులు కొన్ని కలవు. అవి ధనవ్యయముతో కూడినవి కావు. వాహన పరీక్షలలో వేషమును గూర్చి గాని, లింగమును గూర్చి గాని, యింటివారిని గూర్చి గాని ప్రశ్నింపరాదని ప్రతి ఠాణాకు లిఖితపూర్వకమైన ఉత్తరువు పంపవలెను. పరీక్షకు నిలిచిన ప్రతి యుద్యోగి రొమ్ముపై పేరు కనబడవలెను. పేరు కనబడనివాడు చేయి చాపుట సులభము. జుల్మానా యన్నది చలానాతో దప్ప వసూలు చేయరాదు. సోదా యవసరమైనచో ఎవరిచే జరుగవలెనో ఆ వ్యక్తి నడిగి, మఱుగుచోట మర్యాదతో జరుపవలెను. స్త్రీలను స్త్రీలే సోదా చేయవలెనను నియమము 1898నాటి ప్రొసీజరు కోడునుండియు ఉన్నదే. పట్టుబడినవాని చిత్రమును వేడుకకై తీసిన భటుని, తీయనిచ్చిన యధికారిని శాఖాపరముగా శిక్షింపవలెను. ఇంటికి తెలుపుదునని బెదరించి సొమ్ము తీసికొన్నట్లు ఫిర్యాదు వచ్చినపుడు దానిని పైయధికారి విచారింపవలెను గాని, ఆ ఠాణాకే పంపరాదు. ఫిర్యాదుదారుని పేరు బయటపెట్టినచో రెండవ ఫిర్యాదు రాదు.

నిజాయితీగల భటులు అనేకులున్నారని మే మెఱుగుదుము. వానలో, ఎండలో, పండుగనాడు సైతము కూడలిలో నిలిచి మన బిడ్డలను క్షేమముగా ఇల్లు చేర్చువారు వారే. ఈ యుత్తరువులవలన వారికి నష్టము లేదు. చేయవలసినదేదో, చేయరానిదేదో స్పష్టముగా నున్నపుడు వారి పని సులువగును, వారి శాఖకు మచ్చ తొలగును.

తుదకు మన గృహస్థులకు ఒక మాట చెప్పక తప్పదు. "మీ నాయనకు ఫోను చేయుమందువా?" యను బెదరింపునకు బలము మన యిండ్లనుండియే వచ్చుచున్నది. తండ్రి తలుపు మూయునని, అన్న చేయి చేసికొనునని, ఊరిలో తల యెత్తుకొన లేకపోదుమని కుమారుడు వెఱచుచున్నాడు గనుకనే, భటుడు ఆ వెఱపును సొమ్ము చేసికొనుచున్నాడు. ప్రభుత్వమెన్ని యుత్తరువులు పంపినను ఆ వెఱపు తీరదు. తీర్చగలవాడు ఆ తండ్రియే. కుమారుని వేషము అతనికి నచ్చకపోవచ్చును. మఱునాడు ఇంటిలో మాటలాడుకొనవచ్చును. కాని అర్ధరాత్రి ఫోను మ్రోగినపుడు, "వాడు మా వాడే. బండి కాగితములు సరిగా నున్నవా? ఉన్నచో ఇంటికి పంపుడు" అని తండ్రి యన్ననాడు, రహదారిపై నడచుచున్న ఈ వర్తకము ఆ రాత్రితోనే మూతపడును.